నాడి పట్టొద్దన్న లారీ దొర

ఆపరేషన్ బల్ల మీద రోగికి మత్తుమందు ఇస్తున్నారు. పక్కనున్న డాక్టరు కన్ను దేనిమీద ఉండాలి? చేతినాడి మీదా, ఊపిరి మీదా? నూటముప్పై ఏళ్ల కిందట ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చాడంటే ఆశ్చర్యమే! కొడిమ్యాల నుంచి కోరుట్ల దాకా అప్పుడంతా ఆయన రాజ్యమే మరి. నిజాంను ఒప్పించినవాడు డాక్టర్ ఎడ్వర్డ్ లారీ.

లారీ చదువు ఎడిన్‌బరోలో. గురువు పేరుమోసిన సర్జన్ జేమ్స్ సైమ్. 1885లో హైదరాబాద్‌కు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చి, అక్కడి మెడికల్ స్కూలు బాధ్యతా తీసుకున్నాడు. 1846లో మొదలైన ఆ స్కూలుకు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రే పాఠశాల.

అప్పటికి క్లోరోఫాం వచ్చి నలభై ఏళ్లు. 1847లో ఎడిన్‌బరోలోనే సింప్సన్ దాన్ని వాడకంలోకి తెచ్చాడు. మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరిలో, న్యూకాసిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోయి బల్ల మీదే కన్నుమూసింది. గుండె ఆగిందని లండన్ డాక్టర్లన్నారు. ఊపిరి చూసుకుంటే చాలు, గుండెకేం కాదన్నది సైమ్ శిష్యుల మాట. లారీ గురువు మాట జవదాటలేదు.

1888లో హైదరాబాద్‌లో మొదటి క్లోరోఫాం కమిషన్ కూర్చుంది. 141 కుక్కల మీద పరీక్షలు చేసి, ముందు ఆగేది ఊపిరేనని తేల్చింది. మరుసటి ఏడు జనవరిలో స్కూలు బహుమతుల సభలో లారీ ఆ మాటే ఘంటాపథంగా చెప్పాడు. లండన్ వైద్యపత్రిక లాన్సెట్ ఒప్పుకోలేదు. ‘అయితే మీ మనిషినే పంపండి, ఖర్చు మాది’ అంది హైదరాబాద్. ఆ వెయ్యి పౌండ్లు ఇందుకే.

లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఓడ ఎక్కేటప్పుడు ఆయన నమ్మకం గుండెకే ప్రమాదమని. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు... దాదాపు 500 మూగజీవాలు ఈ పరీక్షలకు బలయ్యాయి. రక్తపోటు గీతల్ని తీసి ఫొటోలు పట్టారు. చివరికి బ్రంటన్ లండన్‌కు తంతి కొట్టాడు: ప్రమాదం ఊపిరాడకపోవడం వల్ల, మందు ఎక్కువవడం వల్లే తప్ప గుండెకు నేరుగా ఏమీ లేదు!

లారీ గెలిచాడు. అనుమానం అన్నది ఆయన స్వభావంలోనే లేనట్టుంది. సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమల వెంట పడుతున్న రోజుల్లో కూడా మలేరియా పరాన్నజీవి అంటే లారీ నమ్మలేదు!

అలాగని ఆయన చేసిన మేలును కాదనలేం. రోగి ఊపిరిని క్షణక్షణం కనిపెట్టుకుని ఉండాలన్న క్రమశిక్షణ ఆయన శిష్యులకు బాగా అబ్బింది. వాళ్లలో ఒకరు రూపాబాయి ఫర్దూంజీ. ఆడపిల్లలు గడప దాటడమే గగనమైన కాలంలో 1889లో చదువు పూర్తిచేసి, మత్తు ఇవ్వడమే వృత్తిగా పెట్టుకుంది. ప్రపంచంలో తొలి మహిళా అనస్థీషియా వైద్యురాలు ఆమేనని చెబుతారు. చాలదన్నట్టు 1909లో మరింత నేర్చుకోవడానికి ఎడిన్‌బరో వెళ్లింది.

అంతకు ఏడాది ముందే, 1908 మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ముంచేసింది.

ఇక 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద పరీక్షలు చేశాడు. హైదరాబాద్‌లో ఎక్కువగా మందు పెంచుకుంటూపోయి చూశారు. లెవీ తక్కువ మత్తులో ఉన్న పిల్లులకు అడ్రినలిన్ ఎక్కించాడు. గుండె గది ఒక్కసారిగా అదుపు తప్పి, వణికి, ఆగిపోయింది. భయపడిన మనిషి ఒంట్లో ఊరేదీ ఆ అడ్రినలినే. హన్నా చావు చిక్కుముడి అలా వీడింది: గుండెకే ప్రమాదమన్న లండన్ డాక్టర్లది వట్టి భయం కాదు. లారీ హైదరాబాద్ విడిచి అప్పటికి పదేళ్లు.