సముద్రం మీద నిలిచిపోయిన సిమెంటు

1975 వ సంవత్సరం మధ్యలో నైజీరియా దేశపు లాగోస్ రేవు వెలుపల నాలుగు వందలకు పైగా ఓడలు లంగరు వేసుకొని నిలిచి ఉండేవి. వాటిలో సగానికి మించిన ఓడలలో ఉన్నది ఒకే సరుకు, సిమెంటు. రేవులో అడుగు పెట్టడానికి వాటికి చోటు లేదు. అలాగని వెనుదిరిగి పోవలసిన తొందర కూడ ఓడల యజమానులకు లేదు. సరుకు దించడంలో ఆలస్యమైన ప్రతి రోజుకూ ఒక్కొక్క ఓడకు వేల డాలర్ల డెమరేజి చెల్లించవలసిన బాధ్యత కొనుగోలుదారుది. ఆ కొనుగోలుదారు సాక్షాత్తూ నైజీరియా ప్రభుత్వమే.

ఇంతటి చిక్కు డబ్బు లేక వచ్చినది కాదు. డబ్బు హఠాత్తుగా వచ్చిపడినందువలన వచ్చినది. 1970 లో అంతర్యుద్ధం ముగిసిన మూడేళ్ళకు ప్రపంచ విపణిలో చమురు ధర సుమారు నాలుగు రెట్లు పెరిగింది. చమురు ఎగుమతిచేసే నైజీరియా ఖజానా నిండింది. రహదారులు, పాఠశాలలు, సైనికులకు బారకాసులు, అన్నీ ఒక్కసారిగా కట్టాలని జనరల్ గోవన్ ప్రభుత్వం సంకల్పించింది. అందుకు 68 మంది సరఫరాదారులతో 109 ఒప్పందాలు కుదిరాయి. కొన్న సిమెంటు సుమారు 1.6 కోట్ల టన్నులు. దాని ఖరీదు దాదాపు 100 కోట్ల డాలర్లు.

ఏడాదిలో లాగోస్ రేవు దించుకోగలిగినది ఇందులో చిన్న భాగం మాత్రమే. ఒక్కొక్క ఒప్పందాన్ని విడిగా చూస్తే లోపం కనబడదు. ధర ఉన్నది, గడువు ఉన్నది, బ్యాంకు పూచీ ఉన్నది. అయితే ఆ సరుకంతా ఒకే రేవుకు, ఇంచుమించు ఒకే కాలంలో చేరుతుందన్న లెక్క ఎవరూ వేసినట్లు లేదు. ఫలితంగా సిమెంటుతో బాటు ఆహార పదార్థాలు, యంత్రాలు, మందులు తెచ్చిన ఓడలు కూడ వరుసలో చిక్కుకొన్నాయి. సముద్రపు తేమకు సిమెంటు గడ్డకట్టసాగింది.

హామీ పత్రం విలువ ఎంత?

1975 జూలై 29 న గోవన్ పదవీచ్యుతుడై, జనరల్ ముర్తలా ముహమ్మద్ అధికారానికి వచ్చాడు. కొత్త ప్రభుత్వం ముందుగా అనుమతి పొందని ఓడలు రేవుకు రాగూడదని ఆంక్ష విధించింది. తమ ఆమోదం లేనిదే సిమెంటు బిల్లులకు డబ్బు ఇవ్వవద్దని నైజీరియా కేంద్ర బ్యాంకు విదేశంలోని తన బ్యాంకుకు ఆదేశమిచ్చింది.

వర్తక లోకాన్ని దిగ్భ్రాంతపరచినది ఈ రెండవ చర్య. దూరదేశపు కొనుగోలుదారును ఎరుగని వర్తకుడు ధైర్యంగా సరుకు పంపగలిగేది లెటర్ ఆఫ్ క్రెడిట్ బలం మీదనే. నిర్ణీత పత్రాలు చూపిన వెంటనే బ్యాంకు డబ్బు చెల్లించవలెను. ఇచ్చిన పూచీని ఏకపక్షంగా వెనుకకు తీసుకొనరాదు. అటువంటి పూచీని ఒక దేశపు కేంద్ర బ్యాంకే పక్కకు పెట్టింది. చాలమంది సరఫరాదారులు రాజీకి వచ్చారు. కొందరు న్యాయస్థానాల తలుపు తట్టారు.

అక్కడ నైజీరియా పక్షం వినిపించిన వాదం ప్రాచీనమైనది: సార్వభౌమ రాజ్యాన్ని పరదేశపు న్యాయస్థానం విచారించరాదు. 2,40,000 టన్నుల సిమెంటుకు సంబంధించిన ట్రెండ్‌టెక్స్ దావాలో 1977 లో ఇంగ్లండు అప్పీలు న్యాయస్థానం ఈ వాదాన్ని తోసిపుచ్చింది. లార్డ్ డెన్నింగ్ తదితర న్యాయమూర్తులు ఇచ్చిన ఆ తీర్పు అంతర్జాతీయ వాణిజ్య చరిత్రలో ఒక మైలురాయి. రాజ్యం బజారులోకి వచ్చి సరుకు కొన్నప్పుడు అది వర్తకుడితో సమానమనే సూత్రానికి దానివలన బలం చేకూరింది. 1981 లో న్యూయార్కులోని అమెరికన్ అప్పీలు న్యాయస్థానం కూడ ఇదే సిమెంటు వ్యవహారంలో ఇదే మార్గాన నడిచింది.

కాకినాడ నుంచి కొటొనూ వరకు

ఆ చేదు అనుభవం నైజీరియాకు కొన్ని పాఠాలు నేర్పింది. 1977 లో లాగోస్‌లోనే టిన్‌కాన్ ఐలెండ్ రేవు ప్రారంభమైంది. 2023 లో నగరానికి తూర్పున లెక్కి వద్ద లోతైన రేవు తెరుచుకొన్నది. అయినా ఆ దేశంతో వ్యాపారం చేసేవారు రేవును మాత్రమే చూస్తే చాలదు. రేవు వెనుక ఉన్న ప్రభుత్వ విధానాన్ని కూడ చూడవలెను. విదేశీ మారకద్రవ్యం ఎవరికి, ఏ ధరకు దొరుకుతుందన్నది అక్కడ వ్యాపారానికి ఆయువుపట్టు. 2015 లో కేంద్ర బ్యాంకు 41 రకాల సరుకుల దిగుమతికి అధికారిక మారకద్రవ్యం ఇవ్వడం మానివేసింది. ఆ నిషేధం తొలగినది 2023 అక్టోబరులో. అదే సంవత్సరం జూన్‌లో నైరా విలువను విపణికి వదలినప్పుడు అది కొద్ది రోజులలోనే ఎంతో పడిపోయింది. అప్పు మీద సరుకు తెచ్చిన దిగుమతిదారు డాలరు బాకీ నైరాలలో ఒక్కసారిగా పెరిగిపోయింది.

ఆ 41 సరుకులలో బియ్యం ఒకటి. ఈ విషయం తెలుగు దేశానికి పరాయిది కాదు. గోదావరి మండలపు ఉప్పుడు బియ్యం కాకినాడ రేవు నుంచి పశ్చిమ ఆఫ్రికాకు పోతూ ఉంటుంది. నైజీరియాకు పొరుగున ఉన్న బెనిన్ దేశపు కొటొనూ దాని గమ్యాలలో ఒకటి. అక్కడ దిగే బియ్యంలో చాలభాగం దొంగదారిన తమ దేశంలోకి వస్తున్నదని నైజీరియా అధికారులు ఏళ్ళ తరబడి ఆక్షేపిస్తూ వచ్చారు. 2019 ఆగస్టులో నైజీరియా తన భూసరిహద్దులను మూసివేసి, 2020 డిసెంబరులో గాని తిరిగి తెరవలేదు. అటువంటి నిర్ణయం వెలువడినప్పుడు దాని వేడి సరిహద్దు గ్రామంతో ఆగదు. ఆ బియ్యం ఆడించిన మిల్లు దాకా రాగలదు.

సిమెంటు కథ మాత్రం మరొక మలుపు తిరిగింది. సున్నపురాయికి కొదవలేని నైజీరియా స్వంత కర్మాగారాలను పెంచుకొన్నది. కోగి రాష్ట్రంలోని ఒబజానాలో ఉన్న ఒక్క డాంగోటే కర్మాగారానికే ఏటా 1.6 కోట్ల టన్నులకు పైబడిన ఉత్పత్తి సామర్థ్యం ఉన్నది. ఒకనాడు సముద్రాన్ని ఓడలతో నింపిన కొనుగోలు పరిమాణమూ సుమారు అంతే. నాడు ఆ సిమెంటును రేవులో దించుకొనలేకపోయిన దేశం ఈనాడు పొరుగు దేశాలకు సిమెంటు ఎగుమతి చేస్తున్నది.