కత్తికీ హాజరు పట్టీ!

పూడిమడక ఒడ్డుకు పడవ చేరిందంటే కత్తిపీటలకు చేతినిండా పనే. ఏ కత్తిపీట అంచు ఎప్పుడు విరిగిందో ఎవరూ లెక్క రాయరు. అచ్యుతాపురం మండలంలోని ఈ మత్స్యకార గ్రామంలోనే కాదు, ఏ ఇంట్లోనైనా అంతే. అదే రొయ్య ఎగుమతి ప్లాంటు గడప తొక్కిందా... కత్తికి నంబరు పడుతుంది, హాజరు మొదలవుతుంది!

ఇచ్చి పుచ్చుకోవాల్సిందే

షిఫ్టు మొదలయ్యే వేళ తాళం వేసిన పెట్టెలోంచి కత్తులు బయటికొస్తాయి. ఏ నంబరు కత్తి ఎవరి చేతికెళ్లిందో రిజిస్టరులో రాస్తారు. షిఫ్టు దిగేటప్పుడు మళ్లీ చూస్తారు. అన్నీ వచ్చాయా అని లెక్కపెడితే సరిపోదు. మొన విరిగిందా, అంచు పెచ్చు లేచిందా, పిడి వదులైందా... అదీ చూడాలి. చెక్క పిడి కత్తులకు ప్రవేశం లేదు. చెక్క తడిని పీల్చుకుంటుంది, క్రిములకు ఇల్లవుతుంది, పేడులు ఊడుతుంది. అరిగినకొద్దీ ముక్క విరుచుకునే కట్టర్లకూ చోటు లేదు. అవి విరగడానికే తయారైనవి మరి!

యంత్రం ఉందిగా అంటే...

ప్యాకింగు దగ్గర మెటల్ డిటెక్టర్ ఉంటుంది. కానీ కత్తులు చేసే స్టెయిన్‌లెస్ స్టీలును పట్టుకోవడం ఇనుమును పట్టుకున్నంత తేలిక కాదు. సన్నటి ముక్క ఓ వాటంగా పడి ఉంటే తప్పించుకోనూవచ్చు. అందుకే ఇనుము, స్టీలు, ఇతర లోహాల నమూనా ముక్కలను పంపి యంత్రాన్నే తరచూ పరీక్షిస్తారు. అయినా మొదటి కాపలా కత్తుల లెక్కే.

మన రొయ్యలకు ఏళ్లుగా పెద్ద గిరాకీ అమెరికాది. అక్కడ చేపలు, రొయ్యల ప్లాంట్లకు ‘హ్యాసప్’ నిబంధన 1997 డిసెంబరు 18 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రమాదం ఎక్కడ పుడుతుందో ముందే గుర్తించి అక్కడే ఆపాలన్నది దాని సారం. తినడానికి సిద్ధంగా ఉన్న ఆహారంలో 7 నుంచి 25 మిల్లీమీటర్ల గట్టి, పదునైన ముక్క దొరికితే కల్తీగా లెక్కగట్టవచ్చన్నది అక్కడి మార్గదర్శకం. మన దేశంలోనూ 2006 నాటి ఆహార భద్రత చట్టం సురక్షితం కాని ఆహారాన్ని అమ్మకూడదంటోంది.

దాస్తేనే ముప్పు

మొన విరిగితే? పని ఆగాలి. ముక్క దొరకాలి. దాన్ని కత్తికి ఆనించి పూర్తిగా సరిపోయిందో లేదో చూడాలి. దొరక్కపోతే చివరిసారి కత్తి బాగున్నట్టు రాసిన సమయం నుంచి తయారైన సరుకంతా పక్కన పెట్టాల్సిందే. గంటకోసారి చూసే చోట గంట సరుకు ఆగితే, షిఫ్టుకోసారి చూసే చోట షిఫ్టు సరుకంతా ఆగుతుంది.

అసలు చిక్కు ఇక్కడే. తిడతారనో, కూలి కోస్తారనో భయపడి విరిగిన కత్తిని గుట్టుగా పెట్టెలో పెట్టేస్తే రిజిస్టరుంటే మాత్రం ఏం లాభం? ‘విరిగిందండీ’ అని చెప్పిన మనిషికి ఇబ్బంది రాకుండా చూసే ప్లాంటులోనే ఆ లెక్కకు విలువ.

ఇంట్లో రిజిస్టరు అక్కర్లేదు. కూర తరిగాక కత్తి మొనను ఒక్కసారి చూస్తే చాలు. కడిగేటప్పుడు ఎలాగూ చేతిలోనే ఉంటుందిగా!