వంతెనకు ఇల్లెందుకు?

ఏడవ తరగతి పిల్లలకు ఒక ఛాయాచిత్రం చూపించి, ఇదేమిటని అడిగాను. ధాన్యపు కొట్టు అని కొందరు, పశువుల పాక అని కొందరు అన్నారు. కింద పారుతున్న ఏటిని గమనించిన ఒక బాలిక మాత్రం, "వంతెనే సార్, కానీ దానికి ఇల్లెందుకు కట్టారు?" అని ఎదురు ప్రశ్న వేసింది. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసం.

ఆ చిత్రంలోనిది అమెరికాలోని అయోవా రాష్ట్రం, మాడిసన్ కౌంటీలో 1883లో నిర్మించిన రోజ్‌మన్ వంతెన. అక్కడ ఒకప్పుడు ఇటువంటి కప్పు వంతెనలు 19 ఉండేవి. నేడు 6 మిగిలాయి.

చెక్క వంతెన బరువును మోసేది మనం నడిచే పలకలు కాదు, రెండు ప్రక్కలా గోడలవలె నిలిచిన దూలాల చట్రాలు. నడక పలకలు అరిగితే తేలికగా మార్చవచ్చు. చట్రపు అతుకులలో నీరు నిలిచి, తడిసి ఎండి, మళ్ళీ తడిసి కుళ్ళితే వంతెన మొత్తం కూలుతుంది. అందుకే పైన కప్పు వేసి, ప్రక్కలకు పలకలు బిగించారు. మన రైతు ఎడ్లబండిని వానలో వదలక చావడిలోకి తోలడం వంటిదే ఈ పని. గుర్రాలు నీటిని చూసి బెదరకుండా కప్పు వేశారని ఒక మాట ప్రచారంలో ఉన్నా, అసలు కారణం కలపను కాపాడుకోవడమే. కప్పులేని చెక్క వంతెన పది, ఇరవై ఏళ్ళలో శిథిలమైతే, కప్పు ఉన్నది నూరేళ్ళు దాటి నిలుస్తుంది. ఆ దేశంలో ఈ పద్ధతికి దారి చూపినది ఫిలడెల్ఫియా నగరంలో తిమోతి పామర్ నిర్మించగా 1805లో పూర్తయిన వంతెన. ఇథియల్ టౌన్ 1820లో హక్కులు పొందిన జాలీ అల్లిక చట్రం సన్నని పలకలతోనే కూర్చదగినది కనుక, పల్లె వడ్రంగులకు కూడా సాధ్యమైంది.

అమెరికాలోని బిడ్డల వద్దకు వెళ్ళి వచ్చే తల్లిదండ్రులు మన ప్రాంతంలోనూ ఉన్నారు. అటువైపు వెళ్ళినవారు డిమాయిన్ నగరానికి నైరుతిగా ఉన్న వింటర్‌సెట్ పట్టణం చేరితే, ఒక్క రోజులో ఆరింటినీ చూడవచ్చు. దారిలో మొక్కజొన్న చేలు, కంకర బాటలు ఎదురవుతాయి. ఆకులు రంగు మారే అక్టోబరు అనువైన మాసం. 1870 నాటి ఐమ్స్ వంతెన వీటిలో అన్నిటికంటె పాతది. 122 అడుగుల హాలివెల్ అన్నిటికంటె పొడవైనది.

చిత్రం తీసేవారికి ఒక సూచన. వంతెన ముఖద్వారాన్ని మాత్రమే తీస్తే అది పాకవలెనే కనిపిస్తుంది. ఏటి గట్టుకు దిగి, నీరూ వంతెనా కలిసివచ్చేటట్లు ఒకటి తీయండి. లోపలికి వెళ్ళి చట్రపు అల్లికను మరొకటి తీయండి. లోపల చీకటి, బయట వెలుగు అధికం కనుక, ఉదయపు లేత ఎండ మేలు.

రాబర్ట్ జేమ్స్ వాలర్ 1992లో రచించిన నవల, 1995లో క్లింట్ ఈస్ట్‌వుడ్ దర్శకత్వంలో వచ్చిన చలనచిత్రం ఈ వంతెనలకు లోకప్రసిద్ధి తెచ్చాయి. ఆ కథానాయకుడు కూడా వంతెనల చిత్రాలు తీయడానికి వచ్చిన ఛాయాగ్రాహకుడే. కానీ ప్రసిద్ధి రక్షణ కాలేదు. 1883 నాటి సీడర్ వంతెనకు 2002లో ఎవరో నిప్పు పెట్టారు. పాత నమూనాను అనుసరించి 2004లో తిరిగి కట్టారు. 2017లో మళ్ళీ తగులబెట్టారు. ఆ ఊరివారు విసుగు చెందలేదు. 2019లో మరల నిలబెట్టారు.

మరునాడు ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు ఆ బాలిక, "వానకైతే కప్పు వేశారు, మనుషులకు ఏం వేస్తారు సార్?" అని అడిగింది. మొదటి ప్రశ్నకు వడ్రంగి సమాధానం చెప్పగలిగాడు. రెండవదానికి సమాధానం చెప్పవలసినది బడి. మన ఊళ్ళలోని పాత మండపాలను, మెట్ల బావులను తలచుకుంటే ఆ ప్రశ్న అయోవాది మాత్రమే కాదని తెలుస్తుంది.