మే నెల ఫీజు ఎవరు కట్టాలి? స్కూలు రోజులకే డేకేర్ కావాలంటే లెక్క ఇలా

ఈ రోజు ఎపిసోడ్ చిన్న లెక్క గురించి. లెక్క చిన్నదే కానీ, దీని మీద గొడవలు మాత్రం ప్రతి ఏప్రిల్‌లోనూ జరుగుతాయి. రాజమండ్రి, కాకినాడ, భీమవరం, తణుకు... ఏ ఊరైనా ఒకటే గొడవ.

విషయం ఏంటంటే, ఇంట్లో చంటిబిడ్డ ఉంది. అమ్మ ప్రైవేటు స్కూల్లో టీచర్. స్కూలు ఉన్న రోజుల్లో బిడ్డని డేకేర్‌లో వదలాలి. సెలవులిస్తే అమ్మ ఇంట్లోనే ఉంటుంది, డేకేర్ అక్కర్లేదు. మరి ఆ సెలవుల నెలకి ఫీజు కట్టాలా, అక్కర్లేదా?

టీచర్లు "మేము పంపని నెలకి డబ్బులెందుకండీ?" అంటారు. డేకేర్ నడిపేవాళ్ళు "మీరు పంపకపోయినా మాకు అద్దె ఆగదు కదండీ" అంటారు. ఇద్దరి మాటా నిజమే. మీలో బీఈడీ, డీఎడ్ చేసి స్కూళ్ళలో చేరబోయేవాళ్ళున్నారు. ఇంట్లో ఖాళీ గది ఉంది, డేకేర్ పెడదామా అనుకునేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ పనికొస్తుంది, చివరిదాకా చూడండి.

ముందు క్యాలెండర్ చూద్దాం. 2025లో మన రాష్ట్రంలో బడులకి ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా వేసవి సెలవులు. అంటే 49 రోజులు. దానికి దసరా, సంక్రాంతి కలపండి. మొత్తం మీద రెండు నెలల పైమాటే. లెక్క సులువు కోసం మనం రెండు నెలలు అనుకుందాం. అంటే టీచరమ్మకి డేకేర్ కావాల్సింది పది నెలలు. డేకేర్‌కి ఖర్చు అయ్యేది పన్నెండు నెలలు.

ఇప్పుడు డేకేర్ లోపలికి వెళ్దాం. ఈ అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవి. మీ ఊళ్ళో అద్దెలు, జీతాలు వేరేగా ఉంటాయి, మీ అంకెలు పెట్టుకుని చూసుకోండి. 20 మంది పిల్లలు పట్టే ఇల్లు. అద్దె 12,000. ఇద్దరు ఆయాలు, ఒక్కొక్కరికి 9,000 చొప్పున 18,000. నడిపే ఆవిడ జీతం 15,000. కరెంటు, నీళ్ళు, సామాను, రిపేర్లు 5,000. మొత్తం నెలకి 50,000. సంవత్సరానికి 6 లక్షలు.

ఈ 6 లక్షలు పిల్లలు వచ్చినా రాకపోయినా అయ్యే ఖర్చు. దీన్ని 20 సీట్లతో భాగిస్తే ఒక సీటుకి ఏడాదికి 30,000, అంటే నెలకి 2,500. దీని మీద పాలు, టిఫిన్, అన్నం ఖర్చు బిడ్డకి నెలకి 500 అనుకుందాం. ఇది మాత్రం బిడ్డ వస్తేనే అయ్యే ఖర్చు. రెండూ కలిపి ఫీజు 3,000.

ఇక్కడే అసలు విషయం ఉంది. బిడ్డ రాకపోతే డేకేర్‌కి మిగిలేది ఆ 500 మాత్రమే. మిగతా 2,500 బిడ్డ వచ్చినా రాకపోయినా అవుతూనే ఉంటుంది. మన డెల్టా వాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. చేను కౌలుకి తీసుకుని ఏడాదికి మక్తా మాట్లాడుకున్నాక, "ఈసారి దాళ్వా వెయ్యలేదండీ, సగమే ఇస్తాను" అంటే రైతు ఒప్పుకుంటాడా? చేను మీ పేరు మీద ఆగిపోయింది కదా. డేకేర్ సీటు కూడా అంతే.

సరే, ఇప్పుడు ఆ 20 మందిలో 8 మంది టీచర్ల పిల్లలు అనుకోండి. మిగతా 12 మంది బ్యాంకు, ఆసుపత్రి, బట్టల షాపుల్లో పనిచేసే వాళ్ళ పిల్లలు, ఏడాదంతా వస్తారు. ఆ 8 మంది రెండు నెలలు ఏమీ కట్టకపోతే లోటు ఎంత? 8 మంది, 2 నెలలు, 2,500 చొప్పున 40,000.

ఈ 40,000 అంకె గుర్తుపెట్టుకోండి. ఇద్దరు ఆయాలకి రెండు నెలల జీతం ఎంత? 36,000. దాదాపు అంతే కదా! చాలాచోట్ల జరిగేది కూడా ఇదే. ఓనరు ఇంటద్దె ఆపలేరు, కరెంటు బిల్లు ఆపలేరు. ఆపగలిగింది ఒక్కటే. "మే నెలలో పని తక్కువ కదమ్మా, ఒక నెల ఇంటికెళ్ళి రా" అని ఆయాకి చెప్పేస్తారు.

చెప్పడం తేలికే. కానీ ఆ ఆయాకి జీతం లేని నెల గడవాలి కదా. ఆవిడ ఏదో షాపులోనో, ఇంటిపనిలోనో చేరిపోతుంది. జూన్ 12న బడి తెరిచేసరికి డేకేర్‌లో కొత్త ముఖం ఉంటుంది. ఏడాదిన్నర బిడ్డ, పది నెలలు ఒకే చేతుల్లో పెరిగిన బిడ్డ, గుమ్మం దగ్గరే ఏడుపు మొదలుపెడుతుంది. డబ్బులు మిగిలాయి అనుకున్నాం కానీ, ఆ ఖర్చు చివరికి బిడ్డ మీద పడింది.

అలాగని టీచర్ని తప్పు పట్టేయకండి. ప్రైవేటు స్కూళ్ళలో చాలామందికి పది నెలల జీతమే వస్తుంది. వేసవిలో జీతం లేదు, కానీ అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరిగే పని మాత్రం ఉంటుంది. జీతం రాని నెలలో 3,000 ఫీజు కట్టమంటే ఆవిడ మాత్రం ఎక్కడినుంచి తెస్తుంది? చూడండి, స్కూలు మే నెల ఖర్చుని టీచర్ మీదకి తోసింది. టీచర్ డేకేర్ మీదకి తోసింది. డేకేర్ ఆయా మీదకి తోసింది. ఆయా ఎవరి మీదకి తొయ్యాలి?

కొంతమంది ఓనర్లు ఇంకో పని చేస్తారు. ఆ 40,000 లోటుని మిగతా 12 మంది మీద వేసేస్తారు. ఒక్కొక్కరికి నెలకి సుమారు 280 పెరుగుతుంది. చిన్నదే అనిపిస్తుంది. కానీ బట్టల షాపులో పనిచేసే అమ్మ, టీచరమ్మ సెలవుల ఖర్చు ఎందుకు భరించాలి? ఆవిడకి అసలు వేసవి సెలవులే లేవు.

మరి న్యాయమైన పద్ధతి ఏంటి? నా ఉద్దేశంలో ఒక్క రేటు పెట్టకూడదు. మూడు రకాలుగా పెట్టి, ఎవరికి ఏది కావాలో వాళ్ళనే ఎంచుకోమనాలి.

మొదటిది, సీటు పూర్తిగా మీదే. ఏడాది సీటు ఖర్చు 30,000ని పది నెలల్లో కట్టెయ్యాలి. నెలకి 3,000, దాని మీద తిండికి 500. మొత్తం నెలకి 3,500, పది నెలలకి 35,000. నెల ఫీజు ఎక్కువలా కనిపిస్తుంది, కానీ ఏడాది మొత్తం చూస్తే మామూలు వాళ్ళు కట్టే 36,000 కంటే వెయ్యి తక్కువే. జీతం వచ్చే నెలల్లోనే కట్టేస్తారు, మేలో రూపాయి కట్టక్కర్లేదు. పైగా స్పాట్ వాల్యుయేషనో, అడ్మిషన్ల డ్యూటీయో పడితే ఆ రోజు తిండి ఖర్చు ఇచ్చి బిడ్డని దింపొచ్చు.

రెండోది, సగం సీటు. పది నెలలు 3,000 చొప్పున, సెలవుల రెండు నెలలు 1,250 చొప్పున. మొత్తం 32,500. జూన్‌లో సీటు గ్యారంటీ. కానీ వేసవిలో ఆ సీటు ఇంకొకరికి ఇచ్చుకోవడానికి మీరు ఒప్పుకోవాలి.

మూడోది, పంపిన నెలలకే ఫీజు. పది నెలలకి 30,000. అన్నిటికంటే చవక. కానీ జూన్‌లో సీటు ఖాళీ ఉంటేనే ఇస్తారు. ఆ రిస్క్ మీది.

"రెండో దానిలో, మూడో దానిలో డేకేర్‌కి లోటే కదా?" అని మీకు డౌట్ రావచ్చు. కరెక్టే. ఆ లోటు పూడ్చే పిల్లలు ఎక్కడున్నారో చూద్దాం. వేసవిలో టీచర్ ఇంట్లో ఉంటుంది కానీ, బ్యాంకులో అమ్మ, ఆసుపత్రిలో నర్సమ్మ ఇంట్లో ఉండరు. వాళ్ళ అయిదారేళ్ళ పిల్లలకి స్కూలు లేదు. ఆ 49 రోజులు వాళ్ళని ఎవరు చూస్తారు? అమ్మమ్మ గారి ఊరు అందరికీ ఉండదండీ! అంటే టీచర్ పిల్లలకి సీటు అక్కర్లేని రోజుల్లోనే వీళ్ళకి సీటు కావాలి.

వేసవికి మాత్రమే వచ్చే ఒక బిడ్డ రెండు నెలలకి 3,000 చొప్పున కడితే, తిండి పోను 5,000 మిగులుతుంది. సగం సీటు వల్ల వచ్చే లోటు సీటుకి 2,500. అంటే ఒక వేసవి బిడ్డ రెండు సగం సీట్ల లోటు పూడుస్తాడు. మూడో రకంలో లోటు 5,000 కాబట్టి, ఒక బిడ్డకి ఒక సీటు. ఇదే రూల్‌గా పెట్టుకోండి. వేసవి పిల్లల్ని మార్చి ఆఖరికల్లా బుక్ చేసుకోండి. ఎంతమంది ఖాయమవుతారో అనుభవం వచ్చేదాకా, మొదటి ఏడాది సగం సీట్లు రెండు మూడుకి మించి ఇవ్వకండి. ఇంకో జాగ్రత్త, ఆరేళ్ళ పిల్లల్నీ పాకే పిల్లల్నీ ఒకే గదిలో కలపకండి. మన ఎండలకి కూలర్ల కరెంటు బిల్లు కూడా లెక్కలో వేసుకోండి.

బయటి దేశాల్లో కూడా ఇదే తలనొప్పి. ఇంగ్లండ్‌లో పనిచేసే తల్లిదండ్రుల పిల్లలకి ప్రభుత్వం వారానికి 30 గంటల చొప్పున ఏడాదికి 38 వారాలు డేకేర్ ఖర్చు భరిస్తుంది. మొత్తం 1,140 గంటలు. స్కూలు రోజుల్లోనే వాడుకోవచ్చు. డేకేర్ ఒప్పుకుంటే 51 వారాలకి పరుచుకుని, వారానికి సుమారు 22 గంటల చొప్పునా వాడుకోవచ్చు. గంటలు అవే, పంచుకునే తీరే వేరు. ముందు ఏడాది మొత్తం తేల్చుకుని, ఆ తర్వాత నెలలకి పంచుతారు. మనం నేర్చుకోవాల్సింది అదే.

మన దగ్గర ప్రభుత్వ క్రెచ్‌లు కూడా ఉన్నాయి. 2017 నాటి జాతీయ క్రెచ్ పథకం నియమాల్లో ఒక కేంద్రానికి 25 మంది పిల్లలు, ఫీజు ఆదాయాన్ని బట్టి నెలకి 20, 100, 200 రూపాయలు. 2022 నుంచి దాన్ని పాల్నా పేరుతో, అంగన్‌వాడీలకి కలిపి నడుపుతున్నారు. మీ దగ్గర్లో ఉందేమో అంగన్‌వాడీ టీచర్ని అడగండి. ఇంకొకటి, 50 మంది, అంతకు పైన ఉద్యోగులున్న సంస్థ క్రెచ్ సౌకర్యం కల్పించాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి సవరణ తెచ్చారు. మీ స్కూలుకి వర్తిస్తుందా అని యాజమాన్యాన్ని అడగండి. ఒక్కరే కాదు, నలుగురైదుగురు టీచర్లు కలిసి అడగండి. స్కూలే కొన్ని సీట్లు బుక్ చేసి, సెలవుల ఖర్చు భరిస్తే అసలు సమస్యే ఉండదు.

చివరిగా, ఏది మాట్లాడుకున్నా కాగితం మీద రాసుకోండి. ఎన్ని నెలలకి ఎంత, సెలవుల్లో ఎంత, జూన్‌లో సీటు ఖాయమా కాదా, మానేస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. దసరాకీ, సంక్రాంతికీ రోజుల లెక్కన తగ్గింపు అడగకండి, అది ఏడాది ఫీజులో కలిసిపోయిందని ముందే రాసుకోండి. తుపాను సెలవుల మాట కూడా రాయండి. 2025 అక్టోబరులో మొంథా వచ్చినప్పుడు బడులు మూసేశారు కదా, అలాంటి రోజులకి ఫీజు తగ్గదు అని ఒక్క లైను చాలు. వాట్సాప్‌లో పంపి, "సరే అండి" అని రిప్లై తీసుకున్నా మేలే.

డేకేర్ ఫీజు అడిగేటప్పుడు "నెలకి ఎంత?" అని మాత్రమే అడక్కండి. "ఏడాదికి ఎంత, మే నెలలో ఆయా జీతం ఎవరిస్తున్నారు?" అని కూడా అడగండి. ఆ రెండో ప్రశ్నకి సూటిగా సమాధానం చెప్పే చోట బిడ్డని ధైర్యంగా వదలొచ్చు. మీ ఊళ్ళో ఏ పద్ధతి నడుస్తోందో కామెంట్‌లో రాయండి. ఉంటానండి.