గల్ఫ్ జీతం.. ఎవరి ఇంటికి?

ముందు అప్పు సంగతి చూద్దాం. జగిత్యాల దగ్గరి పల్లె కుర్రాడొకడు ఏజెంటుకు లక్షా ఇరవై వేలు కట్టి దుబాయ్ వెళ్లాడనుకోండి. ఆ సొమ్ము నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. అంటే నెలకు రూ.2,400 వడ్డీకే పోతుంది. జీతం వెయ్యి దిర్హాములు. మెస్సు, ఫోను ఖర్చులు పోగా మిగిలిందే ఇంటికి. అసలు తీరేసరికి ఏడాదిన్నర పట్టినా ఆశ్చర్యం లేదు. ఊళ్లో మాత్రం మొదటి నెల నుంచే అతను ‘దుబాయోడు’. బోనాల చందా అయినా, బంధువుల పెళ్లి కట్నమైనా ముందు అతని పేరే రాస్తారు.

నిజానికి రిజిస్టరైన ఏజెంటు రూ.30,000, దాని మీద జీఎస్టీ తప్ప పైసా ఎక్కువ తీసుకోకూడదు. కానీ పల్లెల్లో తిరిగేది సబ్ ఏజెంట్లు. లైసెన్సు ఉండదు, రసీదు ఇవ్వరు. పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ అనుమతి కావాలి గనుక, ఆ తంటా లేకుండా విజిట్ వీసా మీద ఎక్కించేస్తారు. కంపెనీ ఉందో లేదో అక్కడ దిగాక తేలుతుంది.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి.. ఉత్తర తెలంగాణ వలస బతుకంతా ఈ మూడు మాటల్లో చెప్పేస్తారు. మూడోదానికి అలవాటు పడటం అనగానే మనకు ఎండే గుర్తొస్తుంది. ఎండకు చట్టం ఉంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట పని చేయించకూడదు. భాషా వస్తుంది. అయితే కార్మికుల క్యాంపులో అరబ్బీ కన్నా ముందు పట్టుబడేది హిందీ!

అలవాటు పడటం కష్టమయ్యేది క్యాంపు బతుక్కే. గదికి ఆరుగురో ఎనిమిది మందో. రెండంతస్తుల ఇనుప మంచాలు. కింది మంచం దొరికినవాడు చుట్టూ దుప్పటి కట్టుకుంటాడు. తెల్లవారుజామున నాలుగింటికి డబ్బా కట్టుకుని బస్సెక్కితే, ఆ అన్నం మధ్యాహ్నానికి పులుస్తుంది. రాత్రి ఆ దుప్పటి చాటునే ఫోను.

“తిన్నవా బిడ్డా?”

“తిన్ననవ్వా. ఇయ్యాల చికెన్ వండినం.”

వండింది పప్పు. తల్లి నిద్రపోవాలని ఆడిన ఆ అబద్ధాన్ని తప్పు పట్టలేం. కానీ కొడుకు సుఖంగా ఉన్నాడని నమ్మిన ఇల్లు రెండో స్లాబు వేస్తుంది, తమ్ముడికి బండి కొంటుంది, చెల్లె పెళ్లికి ముహూర్తం పెడుతుంది. రెండేళ్లని వెళ్లినవాడు ఆరేళ్లు ఉండిపోతాడు. సెలవుకొచ్చినప్పుడు తాడు బిగించి, మార్కర్‌తో పేరు రాసిన అట్టపెట్టె దిగుతుంది. టాంగ్, నిడో, అత్తరు, కంబళి. ఎవరి వాటా వాళ్లు తీసుకుంటారు. అప్పు ఎంత తీరిందని ఒక్కరూ అడగరు.

కడప, కోనసీమ నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లది ఇంకో తీరు. క్యాంపులో పక్క మంచం మనిషైనా ఉంటాడు, ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. వారానికో రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని అని కువైట్ 2015లో చట్టమైతే చేసింది. యజమాని గడప దాటనివ్వకపోతే ఆ సెలవు ఏం చేసుకోను? పిల్లలు ఇక్కడ అమ్మమ్మ దగ్గర పెరుగుతుంటారు.

గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి రూ.5 లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. శవపేటిక వచ్చాక చూపే ఈ శ్రద్ధలో సగమైనా సబ్ ఏజెంటు మీద పెడితే అప్పుల పాలయ్యే ఇళ్లు తగ్గేవి.

మీ ఇంటి నుంచి ఎవరైనా బయల్దేరుతుంటే, డబ్బు కట్టకముందే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఏజెంటు పేరు ఉందేమో చూడండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన చేయించండి. రెండేళ్లకు ప్రీమియం రూ.275, ప్రమాదంలో చనిపోతే రూ.10 లక్షల బీమా. ఇక వెళ్లినవాళ్లు ఫోన్ చేసినప్పుడు, ఈ నెల ఎంత పంపుతున్నావని కాకుండా, నీ ఖర్చులకు ఎంత ఉంచుకున్నావని అడగండి.