ఎత్తు తగ్గించిన పికప్ ట్రక్కుకు వీల్ అలైన్‌మెంట్

వీల్ అలైన్‌మెంట్ అనగా మోటారు వాహనపు చక్రాలు నేలతోను, వాహనపు మధ్యరేఖతోను కలిగి ఉండవలసిన కోణాలను కొలిచి, వాటిని నిర్దేశించిన హద్దులలోనికి సరిచేయుట. దీనిని తెలుగులో చక్రాల అమరిక అనవచ్చును. పికప్ ట్రక్కును నేలకు దగ్గరగా దించినప్పుడు ఈ కోణాలలో కొన్ని తప్పక మారుతాయి. వాటిని సరిచేయకుండా నడిపితే టైర్లు త్వరగా అరిగిపోవడమే కాక, వాహనం అదుపులో ఉండే గుణం కూడా తగ్గుతుంది.

నేపథ్యం

వాహనాల ఎత్తును తగ్గించే అలవాటు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, రెండవ ప్రపంచ యుద్ధం తరువాత మెక్సికన్ అమెరికన్ యువకులలో బాగా వ్యాపించింది. ఇటువంటి కార్లను లోరైడర్లు అంటారు. వాహనపు ఏ భాగమైనా చక్రపు రిమ్ము అడుగు కంటే క్రిందికి దిగరాదని కాలిఫోర్నియాలో 1958లో చట్టం అమలులోకి వచ్చింది. ఈ నిషేధాన్ని 2024 జనవరి 1 నుండి తొలగించారు. 1980వ దశకంలో జపాను నుండి వచ్చిన చిన్న పికప్పులతో పాటు షెవ్రొలే ఎస్-10, ఫోర్డ్ రేంజర్ వంటివి కూడా ఈ విధంగా దించబడ్డాయి.

మూడు ముఖ్యమైన కోణాలు

కాంబర్: చక్రాన్ని ముందు నుండి చూసినప్పుడు నిలువు నుండి దానికి గల వాలు. పైభాగం లోపలికి వాలితే ఋణ కాంబర్ అనియు, బయటికి వాలితే ధన కాంబర్ అనియు అంటారు.

కాస్టర్: చక్రాన్ని ప్రక్క నుండి చూసినప్పుడు, స్టీరింగు తిప్పగా చక్రం ఏ అక్షంపై తిరుగుతుందో ఆ అక్షపు వాలు. పైకొన వెనుకకు వాలితే అది ధన కాస్టర్. సైకిలు ముందు ఫోర్కు వాలు ఇందుకు మంచి ఉదాహరణ. వాహనం తనంతట తాను తిన్నగా సాగడానికి ఈ వాలు తోడ్పడుతుంది.

టో: చక్రాలను పై నుండి చూసినప్పుడు వాటి ముందుకొనలు లోపలికి గాని, బయటికి గాని తిరిగి ఉండుట. లోపలికి ఉంటే టో-ఇన్, బయటికి ఉంటే టో-అవుట్.

దించినప్పుడు కోణాలు మారడానికి కారణం

అనేక పికప్పులలో ముందు చక్రాన్ని ఒకటి పైన, ఒకటి క్రింద ఉండే రెండు చేతులు పట్టి ఉంచుతాయి. పై చేయి పొట్టిది, క్రింది చేయి పొడవైనది. పొట్టి స్ప్రింగులు వేసి బండిని దించితే, ఛాసీతో పోల్చినప్పుడు చక్రం పైకి జరిగినట్లవుతుంది. అప్పుడు పొట్టి చేయి చక్రపు పైభాగాన్ని లోపలికి లాగుతుంది. అందువలన ఋణ కాంబర్ పెరుగుతుంది.

చక్రాన్ని తిప్పే టై రాడ్డు గీసే వంపు, ఈ చేతులు గీసే వంపు సాధారణంగా పూర్తిగా ఒకటి కావు. అందుచేత ఎత్తు మారగానే టో కూడా మారుతుంది. అది లోపలికా, బయటికా అన్నది స్టీరింగు కడ్డీలు ఇరుసుకు ముందున్నాయా, వెనుకనున్నాయా, ఏ ఎత్తులో ఉన్నాయి అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. వెనుకభాగం కంటే ముందుభాగాన్ని ఎక్కువగా దించితే బండి ముందుకు వంగి ధన కాస్టర్ తగ్గుతుంది. వెనుకభాగాన్ని ఎక్కువగా దించితే పెరుగుతుంది.

స్ప్రింగులకు బదులు డ్రాప్ స్పిండిళ్లు వాడితే మార్పు తక్కువ. వీటిలో చక్రం అమరే భాగమే పైకి జరుపబడి ఉంటుంది కనుక చేతుల కోణం దాదాపు యథాతథంగా ఉంటుంది. అయినను భాగాలు విప్పి బిగించినందున టోను సరిచూడవలసినదే. ఫోర్డ్ సంస్థ 1965లో ప్రవేశపెట్టిన ట్విన్ ఐ-బీమ్ అమరికలో ఒక్కొక్క చక్రానికి ఒక్కొక్క దూలం ఉంటుంది. స్ప్రింగులు మాత్రమే మార్చి దీనిని దించితే చక్రాలు స్పష్టంగా లోపలికి వాలుతాయి. అందుచేత దీనికి ప్రత్యేకంగా వంచిన దూలాలను వాడతారు.

వెనుక ఇరుసు

పికప్పుల వెనుక ఇరుసు సాధారణంగా లీఫ్ స్ప్రింగులపై నిలుస్తుంది. తెలుగునాట వీటిని కమాను కట్టలు అంటారు. ఇరుసును కట్టకు క్రింది నుండి పైకి మార్చి గాని, ఇరుసుకు కట్టకు మధ్య దిమ్మెలు పెట్టి గాని, షాకిళ్లను మార్చి గాని బండిని దించుతారు. ఇరుసు ఏ కొద్దిగానైనా వంకరగా కూర్చుంటే బండి ఒక ప్రక్కకు త్రోయబడుతుంది. దీనిని థ్రస్టు కోణం అంటారు. అప్పుడు బండి తిన్నగా పోతున్నా స్టీరింగు చక్రం వంకరగా ఉంటుంది. ఇంకను డిఫరెన్షియల్ ముక్కు వాలు మారితే ప్రొపెల్లర్ షాఫ్టు రెండు చివరల జాయింట్ల కోణాలు సమానంగా ఉండక అదురు పుడుతుంది. వాలుగా ఉండే బిళ్లలతో దీనిని సరిచేస్తారు.

సరిచేయకపోతే కలిగే నష్టం

టో తప్పును చిన్న లెక్కతో తెలుసుకొనవచ్చును. చక్రం తాను సాగే దారికి అర డిగ్రీ ప్రక్కకు తిరిగి ఉన్నదనుకొందాం. అర డిగ్రీ సైన్ విలువ సుమారు 0.0087. అనగా కిలోమీటరు ప్రయాణంలో టైరు సుమారు 8.7 మీటర్లు ప్రక్కకు ఈడ్వబడినట్లే. 10,000 కిలోమీటర్లకు ఇది సుమారు 87 కిలోమీటర్లు. టైరు రబ్బరు రంపపు పళ్లవలె అరగడానికి కారణం ఇదే.

ఋణ కాంబర్ ఎక్కువైతే టైరు లోపలి అంచు అరుగుతుంది. బయట నిలబడి చూచేవారికి టైరు బాగానే కనబడుతుంది. లోపలి అంచున తీగలు బయటపడిన తరువాత టైరు పగిలే ప్రమాదం ఉంది. స్టీరింగును పూర్తిగా ఒక ప్రక్కకు త్రిప్పి లోపలి అంచును పరిశీలించుట అందుకే అవసరం.

సరిచేసే క్రమం

1. టైర్లలో గాలిని సరిచూడాలి. బాల్ జాయింట్లు, టై రాడ్డు చివరలు, బుష్షులు అరిగి ఉంటే ముందుగా మార్చాలి.
2. రబ్బరు బుష్షుల బోల్టులను బండి తన బరువుపై నిలిచి ఉండగా చివరిగా బిగించాలి.
3. దించిన వెంటనే టోను తాత్కాలికంగా సరిచేసి, కొత్త స్ప్రింగులు కుదురుకొన్న తరువాత పూర్తి అలైన్‌మెంట్ చేయించాలి.
4. బండిలో ఎల్లప్పుడూ ఉండే పనిముట్ల పెట్టె వంటి బరువును తీయరాదు.
5. ముందుగా వెనుక ఇరుసు థ్రస్టు కోణాన్ని, పిదప ముందు చక్రాల కాస్టర్, కాంబర్‌లను, చివరకు టోను సరిచేయాలి. కాస్టర్, కాంబర్ మారితే టో మారుతుంది కనుక టో చివరిది.

కాంబరును కొన్ని ట్రక్కులలో షిమ్ములతోను, కొన్నింటిలో మధ్యరేఖ తప్పిన బోల్టులతోను మారుస్తారు. ఇవి చాలనప్పుడు వేరు పై చేతులు అమర్చవలసి వస్తుంది. గోతులలో చక్రం ఎగిరినప్పుడు బండి తనంతట తాను ప్రక్కకు లాగే దోషాన్ని బంప్ స్టీర్ అంటారు. నిలిచి ఉన్న బండిపై చేసే అలైన్‌మెంట్ దీనిని పోగొట్టలేదు. టై రాడ్ల ఎత్తును సరిచేయవలసి ఉంటుంది. నేటి వాహనాలలో అనేకం అలైన్‌మెంట్ తరువాత స్టీరింగ్ కోణపు సెన్సారును, ముందు కెమెరాను తిరిగి సరిచేయవలసినవే.

భారతదేశంలో

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు తొలుత నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని ధ్రువపరచింది. కనుక మన దేశంలో బండి ఎత్తును మార్చదలచినవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో విచారించుట మంచిది. ఎత్తును మార్చకపోయినా, స్ప్రింగులు కుంగిన పాత పికప్పులకు పైన చెప్పిన సూత్రాలన్నీ వర్తిస్తాయి.