అరగని మేత, అరిగించే ఎంజైములు

సింగపూరు నదిని, కల్లాంగ్ పరీవాహక ప్రాంతాన్ని శుద్ధి చేసే బృహత్కార్యం 1977లో ఆరంభమై 1987లో ముగిసింది. ఆ పదేళ్ళలో అక్కడి నుండి తొలగించిన వాటిలో 610 పందుల పెంపక కేంద్రాలు కూడా ఉన్నాయి. ఆ కాలంలో పందుల పెంపకం ప్రధానంగా ఈశాన్యాన గల పుంగ్గోల్ ప్రాంతంలో కేంద్రీకృతమైంది. అయినా చిక్కు తీరలేదు. స్థలం స్వల్పం, త్రాగునీరు అమూల్యం, వ్యర్థాల శుద్ధి వ్యయభరితం. 1984లో ప్రభుత్వం ఈ వృత్తినే క్రమంగా విరమింపజేయాలని నిర్ణయించింది. 1990 నాటికి అది అంతరించింది. నేడు పుంగ్గోల్‌లో ఎత్తయిన నివాస భవనాలు నిలిచి ఉన్నాయి.

ఈ చరిత్రలో ఒక రసాయనశాస్త్ర ప్రశ్న ఇమిడి ఉన్నది. జంతువు తిన్న మేతలో ఎంత ఒంటబట్టుతుంది? ఎంత నీటిపాలవుతుంది?

పాలు మాన్పించిన పంది పిల్లలో ఈ ప్రశ్న మరింత తీవ్రం. ప్రకృతిలో తల్లిపాలు మానడం కొన్ని నెలలపాటు మెల్లగా సాగే ప్రక్రియ. పెంపక కేంద్రాలలో మాత్రం మూడు నాలుగు వారాలకే పిల్లను తల్లి నుండి వేరు చేస్తారు. అప్పటికి దాని ప్రేగులలో పాలచక్కెరను విడగొట్టే లాక్టేజ్ సమృద్ధిగా ఉంటుంది. కాని గింజలలోని పిండి పదార్థాన్ని, మాంసకృత్తులను విడగొట్టే ఎంజైములు ఇంకా చాలినంతగా ఊరవు. జీర్ణాశయంలో ఆమ్లం కూడా తక్కువే. మేత మారిన కొద్ది రోజులలోనే చిన్నప్రేగులోని ఆంత్రచూషకాలు కురచబడి, పోషకాలను గ్రహించే వైశాల్యం తగ్గిపోతుంది. అరగని మేత హానికర సూక్ష్మజీవులకు విందవుతుంది. ఫలితం పారుడు రోగం, ఎదుగుదల కుంటుపడటం, ఒక్కొక్కసారి మరణం.

ఇక్కడ అక్కరకు వచ్చేవే దాణాలో కలిపే ఎంజైములు. గోధుమ, బార్లీ గింజల కణకవచాలలోని పీచును జైలనేజ్, బీటా గ్లూకనేజ్ అనే ఎంజైములు ఛేదిస్తాయి. అందువల్ల ప్రేగులోని జిగట తగ్గి, కవచాల లోపల చిక్కుకున్న పోషకాలు బయటపడతాయి. ప్రోటియేజ్ మాంసకృత్తులను చిన్న ముక్కలు చేస్తుంది.

వీటిలో విశిష్టమైనది ఫైటేజ్. గింజలలోని భాస్వరంలో దాదాపు మూడింట రెండు వంతులు ఫైటేటు రూపంలో ఉంటుంది. ఇనోసిటాల్ అనే చిన్న వలయానికి ఆరు ఫాస్ఫేటు సమూహాలు అంటిపెట్టుకున్న అణువు ఇది. అది యశదాన్ని, ఇనుమును, కాల్షియాన్ని కూడా బంధించి ఉంచుతుంది. పంది దీనిని సరిగా విడగొట్టుకోలేదు కనుక భాస్వరంలో అధికభాగం పేడతో బయటికి పోతుంది. ఆ లోటు పూరించడానికి రైతు దాణాలో ఖనిజ ఫాస్ఫేటును కలుపుతాడు. వ్యర్థాలతో జలాశయం చేరిన భాస్వరం నాచును పెంచుతుంది. ఆ నాచు చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది.

ఫైటేజ్‌ను 1907లో జపాను శాస్త్రజ్ఞులు తవుడులో కనుగొన్నారు. శిలీంధ్రం నుండి తయారైన ఫైటేజ్ దాణాలో వాడుకకై విపణికి వచ్చింది 1991లో, అదీ పందుల వ్యర్థాలతో సతమతమవుతున్న నెదర్లాండ్స్‌లో. నిమిషానికి ఒక మైక్రోమోల్ ఫాస్ఫేటును విడుదల చేసే ఎంజైము పరిమాణాన్ని ఒక యూనిట్‌గా లెక్కిస్తారు. కిలో దాణాకు సుమారు 500 యూనిట్లు వాడుకలో ఉన్న మోతాదు. దీనివలన, ఖనిజ ఫాస్ఫేటును తదనుగుణంగా తగ్గిస్తే, పేడలోని భాస్వరం దాదాపు మూడవ వంతు తగ్గగలదు.

అయితే ఎంజైము మంత్రదండం కాదు. అది కూడా మాంసకృత్తే. దాణాను ఆవిరితో వేడిచేసి గుళికలుగా మార్చేటప్పుడు, తగిన రక్షణ లేకుంటే పనికిరాకుండా పోతుంది. గింజను బట్టి ఎంజైమును ఎంచుకోవాలి. పారుడును అరికట్టేందుకు అధిక మోతాదులో వాడే యశద ఆక్సైడు, ఫైటేజ్ పనిని మందగింపజేస్తుంది. ఐరోపా సమాజం పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్కులు కలపడాన్ని 2006లోను, ఔషధ మోతాదులో యశద ఆక్సైడు వాడకాన్ని 2022లోను నిలిపివేసింది. అప్పటి నుండి ఎంజైములపై, పాలు మాన్పించే వయసుపై, శాలల శుభ్రతపై భారం పెరిగింది.

ఈ సూత్రం తెలుగువారి వంటింటికి కొత్త కాదు. అన్నప్రాశన అయిన పసివానికి మొలకెత్తించి, ఎండబెట్టి, విసిరిన రాగిపిండితో జావ కాచి పెట్టే ఆచారం ఎన్నో ఇళ్ళలో ఉన్నది. మొలకలో పుట్టిన అమైలేజ్ పిండిని విడగొట్టి జావను పలుచన చేస్తుంది. అందువల్ల అంతే చిక్కదనంలో ఎక్కువ పిండి, అంటే ఎక్కువ బలం, బిడ్డకు అందుతుంది. మొలకలోని ఫైటేజ్ వల్ల ఖనిజాలు కూడా కొంత సులువుగా వంటబడతాయి.

సింగపూరులో పందుల పెంపకం ముగిసిన మరుసటి ఏడాదే ఫైటేజ్ విపణికి వచ్చింది. ముందే వచ్చినా, ఆ ఒక్క ఎంజైమే స్థలాభావాన్ని, దుర్గంధాన్ని, నత్రజనిని తొలగించగలిగేది కాదు. కాని మాలిన్యానికి మందు కాలువ చివర శుద్ధి యంత్రంలో మాత్రమే కాక, దాణా తొట్టిలో కూడా వెదకవచ్చునని అది చూపింది.